కండరాలు అదురుతున్నాయి, ఏఎల్ఎస్ ఏమోనని భయంగా ఉంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పిక్క అదురుతోంది, ఆగి మళ్ళీ అదురుతోంది, రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతికితే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు పేరు కనపడింది, ఇక ఆ పేరు బుర్రలోంచి పోవడం లేదు. ఇది చదువుతున్న చాలామంది పరిస్థితి ఇదే అయి ఉంటుంది, ఒకప్పుడు నాదీ ఇదే. నేను డాక్టర్ని కాను. ఏడు నెలలు ఈ భయంతో బతికి, ఇద్దరు న్యూరాలజిస్టులకు చూపించుకుని, వాళ్ళు చెప్పింది అర్థం చేసుకోవడానికి దొరికినదల్లా చదివాను. ఈ భయంలో ఉన్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి. డాక్టర్ మీ ఒంటిని పట్టి చూసి చెప్పేది మాత్రం ఎవరి రాతలోనూ దొరకదు, అది మర్చిపోవద్దు.

ఏవి ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ పడిపోయినా, మాట ముద్దగా వస్తున్నా అది పక్షవాతం కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కాళ్ళలో మొదలైన బలహీనత గంటల్లో, రోజుల్లో పైకి పాకుతూ వస్తున్నా అంతే. గిలియన్-బారే సిండ్రోమ్ ఇలాగే వస్తుంది, తొందరగా పట్టుకుంటే దానికి వైద్యం ఉంది. ఊపిరి అందకపోవడం, నీళ్ళు తాగితే ముక్కులోంచి బయటికి రావడం, నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, విపరీతంగా వ్యాయామం చేశాక ఒళ్ళంతా నొప్పులతో మూత్రం ముదురు రంగులో రావడం, ఇవన్నీ అదే కోవలోవి.

మీకు వీటిలో ఏదీ లేకపోతే కాస్త నిదానంగా కూర్చుని మిగతాది చదవండి.

అసలు ఈ అదురు ఏమిటి?

వెన్నుపాములో ఉండే ఒక నరకణం కొన్ని కండర పోగులను నడిపిస్తుంది. మనం కదలమని చెప్పకుండానే ఆ నరం తనంతట తాను ఒకసారి సంకేతం పంపితే ఆ పోగులన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటాయి, చర్మం కింద చిన్న చేప పిల్ల కదిలినట్టు కనపడుతుంది. డాక్టర్లు దీన్నే ఫాసిక్యులేషన్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. కనురెప్ప, పిక్క, తొడ, బొటనవేలి మొదట్లో ఉండే కండ, ఇవి దీనికి ఇష్టమైన చోట్లు. కదలకుండా కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు బాగా తెలుస్తుంది, లేచి నడిస్తే మాయమవుతుంది. వేరే జబ్బేమీ లేకుండా ఇలా నెలల తరబడి ఉంటే దానికి బినైన్ ఫాసిక్యులేషన్ సిండ్రోమ్ అని పేరు. బినైన్ అంటే హాని చేయనిది అని.

కానీ ఏఎల్ఎస్‌లో కూడా అదురుతాయి కదా?

అదురుతాయి. మనందరినీ భయపెట్టేది ఈ ఒక్క ముక్కే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

ఏఎల్ఎస్ అంటే కండరాలను నడిపించే నరకణాలు ఒక్కొక్కటిగా చనిపోయే జబ్బు. ఫ్రాన్స్‌కు చెందిన షార్కో అనే నరాల వైద్యుడు 1869లో దీన్ని మొదట స్పష్టంగా వర్ణించాడు. నరం చనిపోతే దాని కింద ఉన్న పోగులు అనాథలవుతాయి, పక్క నరాలు కొంతకాలం వాటిని చేరదీస్తాయి, అవీ పోతే కండ చిక్కిపోతుంది, బలం పోతుంది. చావుబతుకుల మధ్య ఉన్న ఆ నరాలు పంపే సంకేతాల వల్ల అక్కడ అదురు వస్తుంది. అంటే ఆ జబ్బులో అదురు ఒంటరిగా తిరగదు, దాని వెంట బలం పోవడం ఉంటుంది. చాలామందికి మొదట తెలిసేది కూడా బలం పోవడమే, అదురుని తర్వాత డాక్టర్ పరీక్షలో చూసి చెబుతారు.

ఏఎల్ఎస్ నిర్ధారణకు 2020లో ప్రచురించిన గోల్డ్ కోస్ట్ ప్రమాణాల్లో మొట్టమొదటి షరతు, కదలిక శక్తి క్రమంగా తగ్గుతూ రావాలి అని. ఆ తగ్గుదల డాక్టర్ పరీక్షలో గానీ, రోగి చెప్పే వివరాల్లో గానీ నమోదు కావాలి. ఉత్త అదురుతో ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన సమాచారం ఇంకొకటుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు, బలహీనత లేకుండా అదురు మాత్రమే ఉన్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ళ పాటు గమనించి 1993లో ఫలితం ప్రచురించారు. వాళ్ళలో ఒక్కరికి కూడా ఏఎల్ఎస్ రాలేదు. అదురుతో మొదలై తర్వాత బలహీనత వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో అసలు లేవని చెప్పను, అక్కడక్కడా ఉన్నాయి. అవి అంత అరుదు కాబట్టే పత్రికలకెక్కాయి. డాక్టర్ ఒకసారి పరీక్షించి చూడాలి అనేది కూడా అందుకే.

నాకు చెయ్యి బలహీనంగా కూడా అనిపిస్తోంది. మరి ఇది?

ఇక్కడే నేను అన్నిటికంటే ఎక్కువ రోజులు ఇరుక్కుపోయాను.

నేను చూపించుకున్న మొదటి న్యూరాలజిస్ట్ నా చెయ్యి పట్టుకునే ముందు ఒక ప్రశ్న అడిగారు. "గత నెల చేయగలిగి ఈ నెల చేయలేకపోతున్న పని ఒకటి చెప్పండి." నేను చెయ్యి బరువుగా అనిపిస్తోందని, పట్టు సడలినట్టు అనిపిస్తోందని మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే ఆపి, "అనిపించేవి తర్వాత రాసుకుంటానమ్మా, ముందు చేయలేకపోతున్నది చెప్పండి" అన్నారు. ఎంత ఆలోచించినా నాకు ఒక్కటీ తట్టలేదు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకున్నాను, తాళం తీశాను, బాటిల్ మూత తిప్పాను, మెట్లెక్కి ఆయన గదికి వచ్చాను.

ఆ జబ్బులో వచ్చే బలహీనత పనిలో బయటపడుతుంది. పాదం ముందు భాగం లేవక నేలకు తగులుకుని మాటిమాటికీ తడబడతారు, వేసుకున్న చెప్పు తెలియకుండానే జారిపోతుంది, తాళం చెవి తిప్పడానికి రెండో చెయ్యి సాయం కావాలి, గుండీ పెట్టడానికి వేళ్ళు రావు, మాట ముద్దగా వస్తోందని పక్కవాళ్ళే ముందు గుర్తిస్తారు. మామూలుగా నొప్పి లేకుండా ఒక చోట మొదలై, వారాలు నెలలు గడిచేకొద్దీ పెరుగుతుందే తప్ప మంగళవారం ఉండి బుధవారం పోయి గురువారం ఇంకో కాలికి మారదు. టెన్షన్‌లో వచ్చే బలహీనత వేరుగా ఉంటుంది. కాళ్ళు దూదిలా ఉంటాయి, చేతులు సీసం పోసినట్టుంటాయి, కానీ పని అయిపోతుంది. పరిగెత్తాల్సి వస్తే పరిగెత్తుతాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను రోజుకు నలభై సార్లు మడమల మీద నడిచి చూసుకునేదాన్ని, ఒంటికాలి మీద గోడ పట్టుకోకుండా ఎంతసేపు నిలబడగలనో లెక్కపెట్టేదాన్ని. నాలుగో రోజుకు మోకాలి కింద ముందు కండ పచ్చిపుండులా సలపడం మొదలైంది, ఆ సలుపు చూసి, చూశావా జబ్బు ముదురుతోంది అనుకుని ఏడ్చాను. అలసిపోయిన కండ వణుకుతుంది, నొప్పెడుతుంది, ఎక్కువ అదురుతుంది. ఎన్నిసార్లు పరీక్షిస్తే అన్ని కొత్త లక్షణాలు పుట్టుకొస్తాయి.

ఒక చెయ్యి ఇంకో చేతికంటే సన్నగా ఉంది. కండ కరిగిపోతున్నట్టా?

ఎవరి రెండు చేతులూ ఒకేలా ఉండవు. నా కుడి ముంజేయి ఎడమదానికంటే ఒక సెంటీమీటరు లావు, నాది కుడిచేతి వాటం. టేపు పెట్టి కొలవకముందు ముప్పై ఏళ్ళుగా అది అలాగే ఉంది, నేను చూసుకోలేదంతే. అద్దంలో, వెలుగు పక్కనుంచి పడుతున్నప్పుడు ప్రతి ఎముక పక్కనా గుంట కనపడుతుంది. నిజంగా కండ కరిగిన చోట బలం కూడా పోయి ఉంటుంది. ఆ చేత్తో అన్ని పనులూ చేస్తున్నారంటే అది మీ ఒంటి తీరు. అనుమానం తీరకపోతే ఆ చెయ్యిని డాక్టర్‌కి చూపించండి, ఫోటోలు తీసి పోల్చుకుంటూ కూర్చోకండి.

నాలుక అదురుతోంది. ఇది చాలా ప్రమాదమని చదివాను.

నాలుక బయటికి చాపి అద్దంలో చూస్తే ప్రతి ఒక్కరి నాలుకా వణుకుతుంది, దాన్ని అలా పట్టి ఉంచడమే కష్టం. డాక్టర్లు నాలుకని నోట్లోనే వదులుగా ఉంచమని చెప్పి చూస్తారు. దాని అంచులు చిక్కిపోయాయా, బుగ్గ లోపలి నుంచి నాలుకతో గట్టిగా నెట్టగలుగుతున్నారా అనేవి కూడా చూస్తారు.

గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది, మింగడం కష్టమవుతోంది.

మీ తిండి మామూలుగా లోపలికి పోతూ, ఉత్త లాలాజలం మింగినప్పుడే ఉండ అడ్డం ఉన్నట్టుంటే అది చాలావరకు టెన్షన్ వల్లో, కడుపులో ఆమ్లం పైకి రావడం వల్లో వచ్చేది. తిన్నది, తాగింది తరచూ పొలమారుతుంటే, బరువు తగ్గుతుంటే మాత్రం చూపించుకోవాలి.

తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం కూడా ఉన్నాయి.

ఏఎల్ఎస్ ప్రధానంగా కదలిక నరాల జబ్బు, స్పర్శ నరాలను సాధారణంగా ముట్టుకోదు. కాబట్టి తిమ్మిర్లు, మంటలు ముఖ్య లక్షణాలుగా ఉన్నాయంటే డాక్టర్ ఆలోచన వేరే దారిలో వెళుతుంది: బీ12 తక్కువ ఉందా, షుగర్ ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది, మెడలోనో నడుములోనో మణికట్టులోనో నరం నొక్కుకుపోతోందా అని. వీటిలో చాలావాటికి తేలికైన వైద్యం ఉంది, అందుకని పట్టించుకోకుండా వదిలేయొద్దు. వేగంగా ఊపిరి పీల్చినా మూతి చుట్టూ, వేళ్ళ చివర్లా తిమ్మిరెక్కుతుంది, భయం ముదిరిన రాత్రుల్లో జరిగేది ఇదే.

మరి మల్టిపుల్ స్క్లెరోసిస్, మయస్తీనియా, పార్కిన్సన్స్ సంగతి?

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది, ఆడవాళ్ళలో ఎక్కువ. ఒక కన్ను నొప్పితో మసకబారడం, ఒంట్లో ఒక భాగం రోజుల తరబడి మొద్దుబారడం లాంటివి దాని పద్ధతి, అక్కడక్కడా క్షణం సేపు అదరడం దాని తీరు కాదు. ఎంఆర్ఐలో కనిపెట్టవచ్చు. మయస్తీనియాలో పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది. దానికి రక్త పరీక్ష ఉంది, మంచి మందులున్నాయి. పార్కిన్సన్స్‌లో ఉండేది లయగా సాగే వణుకు, కదలికలు నెమ్మదించడం. చర్మం కింద చిటుక్కుమనే అదురుకీ దానికీ సంబంధం లేదు.

నా వయసు ఇరవై ఎనిమిది. ఈ వయసులో రాదా?

ఎప్పుడూ రాదని ఎవరూ చెప్పలేరు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ళ వయసులో ఈ జబ్బు బయటపడింది, ఆయన 2018 దాకా బతికారు. అందరికీ తెలిసిన ఉదాహరణ ఆయనదే కావడంతో ఇది కుర్రవాళ్ళ జబ్బేమో అనిపిస్తుంది గానీ, ఇది బయటపడేవాళ్ళలో ఎక్కువమంది 55 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు. లెక్కలు తీసిన చోట్ల ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరి నుంచి ముగ్గురికి కొత్తగా వస్తుంది. ముప్పైలలో ఉన్నవాళ్ళ వాటా అందులో చాలా చిన్నది. అదే లక్షమందిలో ఈ వారం కనురెప్ప అదిరినవాళ్ళు వేలల్లో ఉంటారు.

మా ఇంట్లో ఒకరికి ఏఎల్ఎస్ వచ్చింది.

మీ భయానికి ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయను. మొత్తం కేసుల్లో సుమారు పదింట ఒక వంతు మాత్రమే కుటుంబంలో నడిచేవి. ఆ విషయం న్యూరాలజిస్ట్‌తో మొదటి మాటగా చెప్పండి, జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది వాళ్ళతోనూ, జెనెటిక్ కౌన్సెలర్‌తోనూ మాట్లాడి తేల్చుకోండి. ఎస్ఓడీ1 అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్ళ కోసం తయారైన టోఫర్సెన్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అందుకని తెలుసుకోవడం వల్ల లాభం లేదని ఇప్పుడు అనలేం. ఆ మనిషిని దగ్గరుండి చూసుకున్నవాళ్ళకు తర్వాత కొన్ని నెలలు ఒంట్లో ప్రతి కదలికా భయపెట్టడం చాలా మామూలు. దాంట్లో దుఃఖం కూడా కలిసి ఉంటుంది.

జబ్బు లేకపోతే ఇంతలా ఎందుకు అదురుతున్నాయి?

నిద్ర చాలకపోవడం, కాఫీ టీలు ఎనర్జీ డ్రింకులు ఎక్కువవడం, అలవాటు లేని వ్యాయామం, ఈమధ్యే వచ్చి తగ్గిన వైరల్ జ్వరం, ఒంట్లో మెగ్నీషియమో క్యాల్షియమో తగ్గడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం. కొన్ని మందుల వల్ల కూడా అదురుతాయి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ వాటిలో ఒకటి, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు లవణాలను కూడా లాగేస్తాయి. అలాగని మీ అంతట మీరు ఏ మందూ ఆపొద్దు, అడిగి ఆపండి. వీటన్నిటి పైన టెన్షన్. భయపడిన ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువవుతుంది, నరాలు చిన్న కారణానికే సంకేతాలు పంపేస్తాయి, అదురు పెరుగుతుంది, అది చూసి భయం ఇంకా పెరుగుతుంది.

అంతా నీ మనసులోనే ఉంది అంటున్నారు ఇంట్లో.

అదురు మీ పిక్కలో ఉంది, అవతలివాళ్ళ కంటికి కూడా కనపడుతుంది. మీరు ఊహించుకుంటున్నారు అనడం తప్పు. భయం మనసులో ఉంది, అదీ అంతే నిజం, దానికీ వైద్యం ఉంది. వైద్య విద్యార్థులకూ, డాక్టర్లకూ కూడా తమ కండ అదిరినప్పుడు ఇదే భయం పట్టుకుంటుంది, దాని గురించి నరాల వైద్య పత్రికల్లో రాశారు కూడా. కాబట్టి ఇది తెలివితక్కువతనం వల్ల వచ్చేది కాదు.

న్యూరాలజిస్ట్ దగ్గర ఏం జరుగుతుంది? ఈఎంజీ (కండల్లోని విద్యుత్తును చూసే పరీక్ష) తప్పదా?

అసలు పరీక్ష ఆయన చేతులే. ఒక్కో కండ బలాన్నీ తన చేత్తో ఎదురు నెట్టి చూస్తారు, సుత్తితో మోకాలి దగ్గర కొడతారు, పాదం అడుగున గీస్తారు, మడమల మీదా వేళ్ళ మీదా నడిపిస్తారు. రిఫ్లెక్సులు చురుగ్గా ఉన్నాయి అంటే హడలిపోవద్దు, టెన్షన్‌గా ఉన్నవాళ్ళలో అన్ని చోట్లా సమానంగా అవి చురుగ్గా ఉండటం మామూలే. ఇంత పరీక్షలో ఏమీ తేడా లేకపోతే చాలామందికి ఈఎంజీ అక్కర్లేదనే చెబుతారు.

చేస్తే ఇలా ఉంటుంది. ముందు చర్మం మీద చిన్న చిన్న కరెంటు తాకిడులిచ్చి నరాల వేగం కొలుస్తారు. తర్వాత సన్నటి సూది కండలోకి దించి, వదులుగా ఉన్నప్పుడూ బిగించినప్పుడూ వచ్చే విద్యుత్తును తెర మీద చూస్తారు, స్పీకర్‌లో వింటారు. నాకు పిక్కలో సూది దించినప్పుడు ముందు చుర్రుమంది, తర్వాత తెర మీద గీత అడ్డంగా, కదలకుండా సాగింది. మధ్యలో ఒకసారి టప్ మని శబ్దం వచ్చింది. అదేనా అని వణుకుతూ అడిగాను. "మీ అదురే. దాని చుట్టూ ఏముందో చూడండి, అంతా నిశ్శబ్దం" అన్నారు. నరాలు చనిపోతున్న కండలో ఆ నిశ్శబ్దం ఉండదట, విశ్రాంతిలో కూడా చిటపటలు వినపడతాయట.

ఈఎంజీ మరీ ముందుగా చేయించుకున్నానేమో అని అడుగుతారు అందరూ. బలం పోయినట్టు తెలిసేనాటికే ఆ జబ్బు చాలా నరాలను తినేసి ఉంటుంది కాబట్టి, బలహీనంగా ఉందని మీరంటున్న చోటే సూది పెట్టి చూసి బాగుంది అన్నారంటే అది గట్టి హామీ. నెలనెలా చేయించుకుంటూ పోవాల్సిన అవసరం లేదు.

రక్త పరీక్షలో సీకే (కండల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్) ఎక్కువ వచ్చింది.

రెండు రోజుల ముందు బరువులెత్తారా, బాగా పరిగెత్తారా? ఇంజెక్షన్ చేయించుకున్నారా? వీటికే పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల వల్ల కూడా పెరగవచ్చు. కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండి మళ్ళీ చేయించమని సాధారణంగా చెబుతారు.

అన్నీ నార్మల్ అన్నారు. రెండు రోజులు బాగున్నాను, మళ్ళీ మొదలైంది. ఎవరినీ నమ్మలేకపోతున్నాను.

రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం నేను కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను. మూడో రోజు పొద్దున్నే, సూది ఎడమ పిక్కలో పెట్టారు కదా, ఇప్పుడు అదురుతోంది కుడి తొడ కదా అని మొదలైంది. నా ఫోన్‌లో అదురుతున్న పిక్క వీడియోలు నలభై మూడు ఉన్నాయి అప్పటికి. రెండో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను, ఆవిడా అదే మాట చెప్పారు, మూడో రోజు మళ్ళీ అంతే.

అప్పుడు అర్థమైంది, ఇంకో డాక్టర్ ఇచ్చే భరోసాతో ఇది తీరేది కాదని. దీన్ని హెల్త్ యాంగ్జైటీ అంటారు, దీనికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఇస్తారు. సైకాలజిస్ట్ నాతో మొదట చేయించిన పని చాలా చిన్నది. ఒంటిని పరీక్షించుకున్న ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయమన్నారు, అంతే. మొదటి రోజు అరవై దాటాయి గీతలు. తర్వాత ఆ పరీక్షను పావుగంట వాయిదా వేయమన్నారు, తర్వాత గంట. వెతకడం పూర్తిగా మానేయమన్నారు, లక్షణం పేరు టైప్ చేయడం కూడా మడమల మీద నడవడం లాంటిదే అన్నారు. వీడియోలు తీసేయడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఒక్కసారిగా కాదు, రోజుకి రెండు చొప్పున తీసేశాను.

రాత్రుళ్ళు బతకాలని లేదు అనిపించేంత దూరం వెళ్ళి ఉంటే, అది ఈరోజే ఒక మనిషికి చెప్పండి, డాక్టర్‌కైనా, ఇంట్లోవాళ్ళకైనా, హెల్ప్‌లైన్‌కైనా. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా దాచుకోవద్దు.

మా ఆయన రోజుకు పదిసార్లు, నా చెయ్యి చూడు సన్నబడిందా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

లేదండీ బాగానే ఉంది అని పదిసార్లు చెబితే పదకొండోసారి అడుగుతారు, ఆ జవాబు ప్రతిసారీ కాసేపే పనిచేస్తుంది. కోప్పడినా లాభం లేదు. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు ముందే మాట్లాడుకోండి, అడిగినప్పుడు చెయ్యి చూడను, భయంగా ఉందా అని మాత్రం అడుగుతాను, పక్కన కూర్చుంటాను అని. మా ఇంట్లో పనిచేసింది అదే.

మళ్ళీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

ఒక పని చేయలేకపోతే, అది వారం పది రోజులైనా తిరిగి రాకపోతే. పాదం ఈడుస్తుంటే, వస్తువులు చేతిలోంచి జారిపోవడం పక్కవాళ్ళు కూడా గమనిస్తే, మాట మారిందని ఎవరైనా అంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే. అదురు ఇంకో చోటికి మారిందనో, ఈరోజు ఎక్కువైందనో అయితే అక్కర్లేదు.

ఇది ఎప్పటికి తగ్గుతుంది?

కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంటుంది. నాకు మొదలై నాలుగేళ్ళయింది. ఇది రాస్తుండగా కూడా ఎడమ పిక్కలో రెండుసార్లు అదిరింది, కిందికి చూడకుండా వాక్యం పూర్తి చేశాను.